నాలుగో బంధం

డిగ్రీలో సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్లకి రెండో గ్రూపు గుర్తుండే ఉంటుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలోకి కిప్ ఉపకరణం నుంచి కుళ్లిన గుడ్ల వాసన గ్యాసు పంపుతాం. పరీక్షనాళికలో నిమ్మపండు రంగులో అవక్షేపం కడుతుంది. అది పసుపు అమ్మోనియం సల్ఫైడులో కరిగిపోతే రెండో గ్రూపులో 'బి' విభాగం. రికార్డులో 'ధనాయానం: ఆర్సెనిక్, 3 ప్లస్' అని రాసి సంతకం పెట్టించుకుని బయటపడతాం. మార్కులు కూడా పడతాయి.

రసాయనశాస్త్రపరంగా మాత్రం ఆ రికార్డు రాత ఓ సర్దుబాటే. మూడు ధనావేశాలతో విడిగా ఈదులాడే ఆర్సెనిక్ అయాన్ నీళ్లలో ఉండదు. సోడియంలాగో కాల్షియంలాగో ఎలక్ట్రాన్లు వదిలేసి ఒంటరిగా తిరగడం ఆర్సెనిక్‌కి చేతకాదు. నీళ్లలో పడగానే ఆక్సిజన్లను కట్టుకుంటుంది. మూడు హైడ్రాక్సిల్ గుంపులతో ఆవేశమే లేని ఆర్సీనియస్ ఆమ్లంగా ఉంటుంది, లేదా నాలుగు ఆక్సిజన్లతో ఋణావేశమున్న ఆర్సెనేట్‌గా మారుతుంది. మన పరీక్షనాళికలో దొరికింది ఆ తటస్థ అణువు, ఆమ్లం ధర్మమా అని క్లోరిన్లు తగిలించుకున్న దాని బంధువులూ. సల్ఫైడు వాటినుంచి ఆర్సెనిక్‌ని లాక్కుంది.

మరి ధనావేశమున్న ఆర్సెనిక్ అయాన్ అసలు లేనే లేదా? ఉంది. దాని పేరు ఆర్సోనియం. ఆర్సెనిక్ చుట్టూ నాలుగు బంధాలు, మొత్తం మీద ఒక ధనావేశం. దీని కథ భిలాయి కోక్ అవెన్ల దగ్గర మొదలుపెడితే సులువుగా అర్థమవుతుంది.

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరిలో కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. ఊరు ఉక్కుకీ, రైలు పట్టాలకీ పేరు పడింది గాని, ఆ ఆవరణలో ఉక్కుతో సంబంధం లేని సరుకు కూడా తయారవుతుంది. బొగ్గుని గాలి తగలకుండా కాల్చి కోక్ చేసేటప్పుడు వచ్చే గ్యాసులో తారు, బెంజీన్, వాటితో పాటు అమోనియా ఉంటాయి. బొగ్గులో చిక్కుకున్న నైట్రోజనే ఈ అమోనియా. ఆ గ్యాసుని పలచటి గంధకికామ్లం ఉన్న సాచురేటర్‌లోంచి పోనిస్తే తెల్లటి పలుకులు అడుగుకి దిగుతాయి. అమ్మోనియం సల్ఫేట్, రైతులు పొలానికి చల్లే ఎరువు. ఒక టన్ను బొగ్గుకి పది కిలోలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది.

సాచురేటర్‌లో జరిగే పని చాలా సూటిగా ఉంటుంది. అమోనియా అణువులో నైట్రోజన్‌కి మూడు హైడ్రోజన్లు తగిలి ఉన్నాయి. ఇవి కాక, ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ల జంట ఒకటి దాని దగ్గర మిగిలి ఉంది. పాఠ్యపుస్తకాలు దీన్ని ఒంటరి జంట అంటాయి. ఆమ్లం ఇచ్చే ప్రోటాన్‌కి అసలు ఎలక్ట్రాన్లే లేవు కనుక అది వచ్చి ఈ జంట మీద వాలుతుంది. నాలుగో బంధం ఏర్పడుతుంది, ప్రోటాన్ తెచ్చిన ధనావేశం అణువు మొత్తానికీ దక్కుతుంది. అదే అమ్మోనియం. ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాళ్ల దగ్గర ఉండే నవాసాగరం కూడా అమ్మోనియం లవణమే, అమ్మోనియం క్లోరైడు. బజారులో పొట్లం కట్టి అమ్మేంత స్థిరమైన సరుకు.

ఆవర్తన పట్టికలో నైట్రోజన్ పదిహేనో నిలువు వరసలో అందరికన్నా పైన ఉంటుంది. దాని కింద ఫాస్ఫరస్, ఆ కింద ఆర్సెనిక్, తర్వాత ఆంటిమొనీ, బిస్మత్. అందరికీ బయటి కక్ష్యలో ఐదేసి ఎలక్ట్రాన్లు. మూడు బంధాలకి పోగా ఒక జంట మిగలాలి. మరి ఆర్సెనిక్ కూడా నైట్రోజన్‌లాగే ప్రోటాన్‌ని పట్టుకుని ఆర్సోనియం లవణాలు ఇవ్వాలి కదా?

దీనికి జవాబు చెప్పే ముందు భిలాయిలోనే ఇంకో షాపులోకి తొంగిచూడాలి. ఇనుప ఖనిజంలోనూ బొగ్గులోనూ ఫాస్ఫరస్ ఎంతో కొంత ఉంటుంది. అది ఉక్కులో మిగిలితే చలికి ఉక్కు పెళుసవుతుంది, పట్టాలకి పనికిరాదు. అందుకని కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊది, సున్నం వేస్తారు. ఫాస్ఫరస్ ఆక్సిజన్‌తో కలిసి ఫాస్ఫేట్‌గా మారి సున్నంతో పాటు స్లాగులోకి పోతుంది. ఆర్సెనిక్ కూడా ఉక్కుకి చేటే. కానీ దాన్ని ఇలా వదిలించుకోలేరు. కన్వర్టర్ వేడిలో ఆర్సెనిక్ కన్నా ముందు ఇనుమే ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. రాగి, తగరంలాగే ఆర్సెనిక్ కూడా ఉక్కులోనే కూర్చుంటుంది. అందుకే ఆర్సెనిక్ ఎక్కువున్న ఖనిజాన్ని కొలిమిలో పడకముందే పక్కన పెట్టడం ఒక్కటే ఉక్కువాళ్లకున్న దారి. ఒకే వరసలోని మూడు మూలకాలు ఒకే కర్మాగారంలో మూడు దారులు పట్టాయి. ఒకటి ఎరువు బస్తాలోకి, ఒకటి స్లాగులోకి, ఒకటి ఎక్కడికీ కదలకుండా.

ఇక ప్రోటాన్ సంగతి. అమోనియాకి సాటివచ్చే ఆర్సెనిక్ సమ్మేళనం ఆర్సీన్, ఒక ఆర్సెనిక్‌కి మూడు హైడ్రోజన్లు. మైనస్ 62 డిగ్రీల దగ్గర మరిగే రంగులేని వాయువు. దీని ఆకారం కొలిస్తేనే సగం జవాబు దొరుకుతుంది. అమోనియాలో రెండు బంధాల మధ్య కోణం దాదాపు 107 డిగ్రీలు. ఆర్సీన్‌లో 92కి కాస్త లోపు, అంటే ఇంచుమించు లంబకోణం. నైట్రోజన్ తన ఒంటరి జంటని బంధాల సరసన బయటికి తోసి ఉంచుతుంది. ఆర్సెనిక్ అలా చెయ్యదు. దాని బంధాలన్నీ ఒకదానికొకటి లంబంగా ఉండే పి ఆర్బిటాళ్లతో ఏర్పడతాయి. ఒంటరి జంట మాత్రం గుండ్రటి ఎస్ ఆర్బిటాల్‌లో, కేంద్రకానికి దగ్గరగా, లోపలికి ముడుచుకుని ఉంటుంది. నాలుగో బంధం కట్టాలంటే ఈ జంట బయటికి రావాలి, 92 డిగ్రీలున్న కోణాలన్నీ 109కి తెరుచుకోవాలి. అంత శక్తి ఖర్చుపెట్టి కట్టుకున్న ఆర్సెనిక్-హైడ్రోజన్ బంధం తీరా చూస్తే నైట్రోజన్-హైడ్రోజన్ బంధమంత గట్టిది కూడా కాదు.

అంకెల్లో చూస్తే తమాషా ఇంకా బాగా తెలుస్తుంది. వాయుస్థితిలో ఒక అణువు ప్రోటాన్‌ని అందుకుంటే ఎంత శక్తి విడుదలవుతుందో కొలిచారు. మోల్‌కి అమోనియాకి 854 కిలోజౌళ్లు, ఫాస్ఫీన్‌కి 785, ఆర్సీన్‌కి 748. మెట్లు దిగినట్టు తగ్గుతోంది. మరి నీటి అణువుకి? 691. అంటే శూన్యంలో గనక పోటీ పెడితే ఆర్సీన్ నీటి దగ్గర నుంచి ప్రోటాన్‌ని లాక్కోగలదు. గ్లాసులోని నీళ్లలో మాత్రం ఫలితం తారుమారవుతుంది. ప్రోటాన్ దక్కిన నీటి అణువుని చుట్టూ ఉన్న నీళ్లు హైడ్రోజన్ బంధాలతో పొదివిపట్టుకుంటాయి, ఆర్సోనియంకి ఆ ఆదరణ దొరకదు. అందుకే ఎంత గాఢమైన మామూలు ఆమ్లంలోకి ఆర్సీన్‌ని బుడగలుగా పంపినా ఆర్సోనియం లవణం రాదు. ఫాస్ఫరస్ దగ్గర ఈ బండి కొంతవరకు నడుస్తుంది. ఫాస్ఫోనియం అయొడైడు మంచి స్ఫటికాలు కడుతుంది, అయితే నీళ్లు తగిలితే ఫాస్ఫీన్‌ని వదిలేస్తుంది. ఆర్సోనియం బ్రోమైడు, అయొడైడు అతిశీతలంలో తప్ప నిలవవు.

నాలుగు హైడ్రోజన్లున్న ఆర్సోనియంని స్ఫటికంగా పట్టుకోవడానికి మామూలు ఆమ్లాలు వదిలేసి మహామ్లాల దగ్గరికి పోవాల్సి వచ్చింది. హైడ్రోజన్ ఫ్లోరైడులో ఆంటిమొనీ పెంటాఫ్లోరైడు కలిపితే వచ్చే ద్రవం గంధకికామ్లం కన్నా కోట్ల రెట్లు బలమైనది. గాజుని తినేస్తుంది కనుక ఫ్లోరిన్ కలిసిన ప్లాస్టిక్ గొట్టాల్లో, చలి తగ్గనివ్వకుండా పని చెయ్యాలి. జర్మనీలో మింక్‌విట్జ్ బృందం ఆర్సీన్‌ని ఇలాంటి ద్రవంలోకి పంపి తయారుచేసిన ఆర్సోనియం హెక్సాఫ్లోరోఆంటిమొనేట్, హెక్సాఫ్లోరోఆర్సెనేట్ లవణాల గురించి 1994లో ప్రచురించింది. రెండో లవణం నాకు బహు ముచ్చటగా కనిపిస్తుంది. అందులో ధనాయానంలోనూ ఆర్సెనిక్కే, ఋణాయానంలోనూ ఆర్సెనిక్కే. ఒకటి నాలుగు హైడ్రోజన్ల మధ్య, మరొకటి ఆరు ఫ్లోరిన్ల మధ్య. ఆ అమరికకి కారణమూ ఉంది. ఆరు ఫ్లోరిన్లతో నిండిన ఋణాయానానికి ప్రోటాన్ అవసరం లేదు, వెనక్కి లాక్కోదు. క్లోరైడో బ్రోమైడో అయితే వెంటనే తిరిగి గుంజుకునేది.

ఆర్సీన్ గురించి ఇంకొక్క మాట చెప్పి ముందుకి పోదాం. ఆర్సెనిక్ మలినంగా ఉన్న లోహం మీద ఆమ్లం పడితే ఈ వాయువు పుడుతుంది. 1836లో ఇంగ్లండులో జేమ్స్ మార్ష్ ఇదే చర్యని విషప్రయోగాలు పట్టుకునే పరీక్షగా మార్చాడు. జింకు, ఆమ్లం, అనుమానం ఉన్న పదార్థం కలిపి, వచ్చిన వాయువుని వేడి గాజుగొట్టంలోంచి పంపితే ఆర్సెనిక్ ఉన్నచోట అద్దంలా నల్లటి మెరుపు పూత కడుతుంది. లోహ పరిశ్రమల్లో మాత్రం ఇదే చర్య అనుకోకుండా జరిగి ప్రాణాలు తీసింది. ఆర్సీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఒళ్లు మండడం, దగ్గు రావడం లాంటి హెచ్చరికేదీ లేకుండా, కొన్ని గంటల తర్వాత మూత్రం ముదురెరుపులో వస్తేగాని మనిషికి తెలియదు. ఆమ్లంతో తుప్పు వదిలించే పికిలింగ్ పని చేసేచోట, మూసిన ట్యాంకుల్లోకి దిగేచోట గాలిని పరీక్షించకుండా అడుగు పెట్టకూడదన్న నియమం వెనక ఇలాంటి వాయువుల చరిత్ర ఉంది.

హైడ్రోజన్‌తో ఇంత యాతన పడ్డ ఆర్సెనిక్, కార్బన్ ఎదురయ్యేసరికి వేరే మూలకంలా ప్రవర్తిస్తుంది. మూడు హైడ్రోజన్ల చోట మూడు మిథైల్ గుంపులు పెడితే ట్రైమిథైల్ ఆర్సీన్. మిథైల్ గుంపులు ఆర్సెనిక్ వైపు ఎలక్ట్రాన్లను నెడతాయి కనుక ఒంటరి జంట ఉదారంగా తయారవుతుంది. దీనికి మిథైల్ అయొడైడు కలిపితే మహామ్లాలూ అతిశీతలాలూ ఏమీ అక్కర్లేకుండా తెల్లటి టెట్రామిథైల్ ఆర్సోనియం అయొడైడు వస్తుంది. 19వ శతాబ్దపు రసాయనికులే దీన్ని చేసి చూశారు. నీళ్లలో కరుగుతుంది, కరిగినా విడిపోదు. ప్రోటాన్ అయితే ఏ చిన్న క్షారం కనబడినా వదిలి పోయేది, కార్బన్ బంధం అలా పోదు.

మిథైల్ స్థానంలో నాలుగు బెంజీన్ వలయాలు పెడితే టెట్రాఫినైల్ ఆర్సోనియం. ఆర్సోనియం లవణాల్లో రసాయనికులు నిజంగా అల్మరాలో ఉంచుకుని వాడుకున్నది దీన్నే. 1939లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో హోబర్ట్ విలర్డ్, తన సహచరుడు స్మిత్‌తో కలిసి, దీని క్లోరైడుని విశ్లేషణలో వాడవచ్చని చూపించాడు. కారణం దాని సైజు. సోడియం అయాన్ వ్యాసార్ధం నానోమీటరులో పదోవంతు. టెట్రాఫినైల్ ఆర్సోనియంది దానికి నాలుగు రెట్లకి పైన. ధనావేశం అంతే, ఒక్కటే. చలికి మందపాటి రగ్గు కప్పుకున్న మనిషిలా ఆ ఆవేశం నాలుగు వలయాల మధ్య ఎక్కడో లోపల ఉంటుంది. నీళ్లు దాన్ని చేరుకుని చుట్టూ కట్టుకోలేవు, నీళ్లలో ఉండడం దానికీ అంత హాయి కాదు. పర్మాంగనేట్, పర్‌క్లోరేట్, పర్‌రీనేట్ లాంటి పెద్ద ఋణాయానాలకీ నీళ్లతో అంతంతమాత్రపు స్నేహమే. ఇలాంటి రెండూ కలుసుకుంటే జంటకట్టి నీళ్లలోంచి బయటపడతాయి.

ఒక చిన్న ప్రయోగం చూస్తే సంగతి కళ్లకి కడుతుంది. పరీక్షనాళికలో బాగా పలచన చేసిన పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం, లేత వంకాయ రంగులో. దాని అడుగున రంగులేని క్లోరోఫాం, నీళ్లకన్నా బరువు కనుక కింద నిలుస్తుంది. ఊరికే ఎంత కుదిపినా రంగు పైనే ఉంటుంది. టెట్రాఫినైల్ ఆర్సోనియం క్లోరైడు ద్రావణం కొన్ని చుక్కలు వేసి మూత బిగించి కుదిపి నిలబెడితే పైన నీళ్లు తేటపడతాయి, కింద క్లోరోఫాం వంకాయ రంగు తిరుగుతుంది. పొటాషియం, క్లోరైడు పైనే ఉండిపోయాయి, ఆర్సోనియం మాత్రం పర్మాంగనేట్‌ని వెంటబెట్టుకుని కిందికి దిగింది. ఇలాంటి పర్మాంగనేట్ లవణాలను పొడిగా పోగుచెయ్యకూడదు, కర్బన భాగమూ ఆక్సీకరణ కారకమూ ఒకే స్ఫటికంలో ఉన్నప్పుడు పేలుడు ప్రమాదం పొంచి ఉంటుంది.

ఈ గుణమే దాన్ని అణుశాస్త్ర ప్రయోగశాలల దాకా తీసుకెళ్లింది. 1937లో పెరియే, సెగ్రే కనిపెట్టిన టెక్నీషియం భూమ్మీద సహజంగా దాదాపు దొరకని మూలకం. యురేనియం విచ్ఛిన్నంలో మాత్రం పుష్కలంగా పుడుతుంది. అది ద్రావణంలో పర్‌టెక్నిటేట్ రూపంలో, అచ్చం పర్మాంగనేట్ తమ్ముడిలా ఉంటుంది. వందరకాల రేడియోధార్మిక అయాన్ల మధ్య నుంచి దాన్ని ఒక్కదాన్నే వేరుచెయ్యాలంటే ఆర్సోనియం లవణం వేసి క్లోరోఫాంలోకి లాగడమో, పర్‌క్లోరేట్‌తో కలిపి అవక్షేపం కట్టించడమో చేసేవారు.

ఇంతకన్నా సూక్ష్మమైన పని ఇంకొకటి ఈ అయాన్ చేత చేయించారు. అయాన్లు ఎప్పుడూ జంటలుగానే దొరుకుతాయి. సోడియంని నీళ్లలోంచి మిథనాల్‌లోకి మారిస్తే ఎంత శక్తి కావాలి అని అడిగితే కొలవలేం, ఎందుకంటే సోడియంతో పాటు క్లోరైడో నైట్రేటో తప్పకుండా వెళ్తుంది. కొలిచేది ఇద్దరి లెక్కా కలిపి. ఎవరి వాటా ఎంతో పంచాలంటే ఎక్కడో ఒకచోట ఒక ఒప్పందానికి రావాలి. టెట్రాఫినైల్ ఆర్సోనియంకి సరిగ్గా ఎదురుజోడీగా టెట్రాఫినైల్ బోరేట్ ఉంది. అదే సైజు, అదే నాలుగు బెంజీన్ వలయాలు. మధ్యలో ఆర్సెనిక్‌కి బదులు బోరాన్, ధనావేశానికి బదులు ఋణావేశం. ఈ రెండూ కలిసిన లవణాన్ని ఒక ద్రావణి నుంచి మరోదానికి మారిస్తే అయ్యే ఖర్చుని చెరిసగం పంచేద్దాం అన్నారు. బయటి వేషం ఒక్కటే కనుక ద్రావణి రెంటినీ ఒకేలా చూస్తుందని వాదన. ఒక్క అయాన్ లెక్క తెలిస్తే మిగతా అన్నింటి లెక్కా గొలుసులా వచ్చేస్తుంది. ద్రావణుల రసాయనంలో పట్టికలకి పట్టికలు ఈ ఒప్పందం మీదే నిలబడి ఉన్నాయి. నీటి అణువులు బోరేట్ వలయాల వైపు తిరిగినట్టు ఆర్సోనియం వలయాల వైపు తిరగవని తర్వాత తేలింది. కాబట్టి చెరిసగం వాటా పూర్తిగా న్యాయమైనది కాదు. అయినా ఇంతకన్నా నయమైనది దొరకక అదే కొనసాగుతోంది. ఇటీవలి ప్రయోగశాలల్లో ఆర్సోనియం స్థానంలో దాని అన్న టెట్రాఫినైల్ ఫాస్ఫోనియం ఎక్కువగా కనబడుతోంది. చవక, పైగా వ్యర్థాల్లో ఆర్సెనిక్ బెడద ఉండదు.

ఇంతసేపూ సీసాల్లో ఉన్న ఆర్సెనిక్ గురించి చెప్పుకున్నాం. ఇక తాగేనీళ్లలోని ఆర్సెనిక్ సంగతి. భిలాయికి నైరుతి దిక్కున, గీత గీస్తే 80 కిలోమీటర్ల దూరంలో అంబాగఢ్ చౌకీ ఉంది. దుర్గ్ పక్కనుంచి పారే శివనాథ్ నది పుట్టేది ఆ ప్రాంతంలోనే. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం రాకముందు అది మధ్యప్రదేశ్‌లోని రాజనందగావ్ జిల్లా. ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక, 2022లో కొత్త జిల్లా అయింది. అక్కడి కౌడికసా గ్రామంలో మనుషుల అరచేతుల్లో, అరికాళ్లలో ఆనెల్లాంటి గట్టి బుడిపెలు, ఒంటి మీద వాన చినుకులు పడ్డట్టు మచ్చలు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం నుంచి దీపాంకర్ చక్రవర్తి బృందం వచ్చి బావుల్లో, బోర్లలో నీళ్లు పట్టుకెళ్లి పరీక్షించి 1999లో కరెంట్ సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగేనీటికి పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. ఇక్కడ అన్నింటికన్నా ఎక్కువగా దొరికింది 880.

అప్పటిదాకా ఆర్సెనిక్ నీళ్లంటే గంగ డెల్టా ఒండ్రుమట్టి అనే అందరూ అనుకునేవారు. ఇది గట్టి రాతినేల, డోంగర్‌గఢ్ పట్టీకి చెందిన అగ్నిశిలలు. రాతి పగుళ్లలోని ఖనిజాల నుంచి ఆర్సెనిక్ నీళ్లలోకి దిగుతోంది. రాయ్‌పూర్‌లోని పండిత్ రవిశంకర్ శుక్ల విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రజ్ఞులు తర్వాత ఆ ప్రాంతపు నీళ్లనే గాక మట్టినీ బియ్యాన్నీ కూడా పరీక్షించారు. భిలాయి టౌన్‌షిప్ కుళాయిల్లోకి వచ్చేవి తాండులా, మరోడా జలాశయాల నీళ్లు, ఆ బావులవి కావు.

కౌడికసా బావి నీళ్లలో ఆర్సోనియం ఉండదు. ఉండేది అధ్యాయం మొదట్లో చెప్పిన రెండు రూపాలే, ఆవేశం లేని ఆర్సీనియస్ ఆమ్లం, ఋణావేశమున్న ఆర్సెనేట్. వడపోత పద్ధతి కూడా ఆవేశాన్ని బట్టే నడుస్తుంది. ఇనుప తుప్పు మామూలు నీళ్లలో పైపైన ధనావేశం మోస్తుంది కనుక ఋణావేశమున్న ఆర్సెనేట్‌ని గట్టిగా పట్టుకుంటుంది. ఆవేశం లేని రూపం చాలావరకు జారిపోతుంది. అందుకని ముందు దాన్ని ఆక్సీకరణం చేసి, ఆ తర్వాత తుప్పుకి అప్పగించాలి. అమెరికాలో పనిచేసిన బంగ్లాదేశ్ రసాయనికుడు అబుల్ హుస్సామ్ ఇనుప ముక్కలూ ఇసుకా పొరలుగా వేసి చేసిన సోనో ఫిల్టర్ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. దానికి 2007లో గ్రెయింజర్ బహుమతి ఇచ్చారు. భిలాయి చుట్టుపక్కల ఇనుప ముక్కలకి కొదవా?

తాగేసిన ఆర్సెనిక్‌ని శరీరం ఏం చేస్తుంది? ఇక్కడే ఒంటరి జంట మళ్లీ ముందుకొస్తుంది. గోడ కాగితాల్లో ఆర్సెనిక్ కలిసిన పచ్చరంగు వాడిన రోజుల్లో, చెమ్మపట్టి బూజు లేచిన గదుల్లో వెల్లుల్లి వాసనతో ఒక వాయువు వచ్చేది. 1930లలో లీడ్స్‌లో ఫ్రెడరిక్ చాలెంజర్ అది ట్రైమిథైల్ ఆర్సీన్ అని తేల్చాడు. బూజు ఆర్సెనిక్‌కి ఒక్కొక్క మిథైల్ గుంపే తగిలించుకుంటూ పోతోందన్నమాట. మిథైల్‌ని అందించే అణువు మన కణాల్లో కూడా ఉంది. అందులో మూడు బంధాలతో ధనావేశం మోస్తున్న గంధకం ఉంటుంది. ఆర్సెనిక్ తన ఒంటరి జంటని చాస్తే, మిథైల్ గంధకాన్ని వదిలి ఆర్సెనిక్ మీదికి దూకుతుంది. ఫ్లాస్కులో మిథైల్ అయొడైడుతో జరిగిన చర్యకీ దీనికీ పోలిక అదే. మన కాలేయం ఒకటో రెండో మిథైళ్లు తగిలించి మూత్రంలోకి పంపేస్తుంది. ఎక్కువమందిలో పని అక్కడే ఆగిపోతుంది. సగంలో ఉన్న కొన్ని రూపాలు మొదటిదానికన్నా ఎక్కువ విషం కావడం మన దురదృష్టం.

సముద్రంలో ఈ పని చివరిదాకా జరుగుతుంది. సముద్రపు నీళ్లలో లీటరుకి ఒకటి రెండు మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉంటుంది. దాన్ని నాచు పీల్చుకుంటుంది, నాచుని చిన్న ప్రాణులు, వాటిని చేపలు, రొయ్యలు తింటాయి. ఈ వరసలో ఎక్కడో ఆర్సెనిక్ నాలుగు కార్బన్లని సంపాదించుకుంటుంది. 1977లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎడ్మండ్స్, ఫ్రాంచెస్కోని బృందం రాతి లాబ్‌స్టర్ మాంసం నుంచి ఒక పదార్థాన్ని స్ఫటికంగా వేరుచేసి దాని నిర్మాణం కనిపెట్టింది. మధ్యలో ఆర్సెనిక్, మూడు మిథైళ్లు, నాలుగో కార్బన్ చివర ఎసెటిక్ ఆమ్లంలోని ఋణావేశం. పేరు ఆర్సెనోబీటైన్. ఒకే అణువులో ఆర్సోనియం అయాన్, దానికి జంట ఋణాయానం రెండూ ఉన్నాయి, అంటే ఇది తనకి తానే లవణం. బీట్‌రూట్‌లో దొరికే గ్లైసిన్ బీటైన్‌లో నైట్రోజన్ తీసి ఆర్సెనిక్ పెడితే ఇదే. ఉప్పునీటి ప్రాణులు కణాల్లో నీటి ఒత్తిడి సరిచూసుకోవడానికి బీటైన్‌ని పోగుచేసుకుంటాయి. పోలిక వల్ల ఆర్సెనిక్ బీటైన్ కూడా దాంతో పాటే లోపలికి చేరుతోందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

విషం మాటేమిటి? ఎలుకల మీద జరిపిన పరీక్షల్లో సగానికి సగం చచ్చిపోయే మోతాదు తెల్లపాషాణానికి, అంటే ఆర్సెనిక్ ఆక్సైడుకి, కిలో బరువుకి 34.5 మిల్లీగ్రాములు. ఆర్సెనోబీటైన్‌కి పది గ్రాములు దాటినా ఆ గీత రాలేదు, అంటే దాదాపు 300 రెట్ల తేడా. పాషాణం మన ప్రోటీన్లలోని గంధకాన్ని పట్టుకుని వాటి పని ఆపేస్తుంది. ఆర్సెనేట్ ఫాస్ఫేట్ వేషంలో చొరబడుతుంది. ఆర్సెనోబీటైన్‌లోని ఆర్సెనిక్‌కి మిగిలిన ఎలక్ట్రాన్ జంట లేదు, విడిపోయే బంధమూ లేదు. శరీరం దాన్ని విరవలేక రెండు మూడు రోజుల్లో ఉన్నదున్నట్టు మూత్రంలోకి పంపేస్తుంది. అలాగని ఆర్సోనియం అన్న ప్రతిదీ నిరపాయం కాదు. టెట్రామిథైల్ రూపం ఇంతకన్నా విషమైనది, టెట్రాఫినైల్ సీసా మీద విషం గుర్తు ఉండనే ఉంటుంది.

ఈ తేడా భిలాయి తెలుగువాళ్లకి ఊరికే పుస్తక జ్ఞానం కాదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి టౌన్‌షిప్ సెక్టార్లలో స్థిరపడ్డవాళ్ల ఇళ్లలో సెలవులకి ఊరెళ్లి వచ్చినప్పుడల్లా సంచిలో ఎండు రొయ్యలు, ఎండు నెత్తళ్లు ఉంటాయి. వంకాయలో వేసుకునో, పులుసు పెట్టుకునో తింటారు. సముద్రపు చేపల్లో, రొయ్యల్లో ఆర్సెనిక్ కిలోకి కొన్ని మిల్లీగ్రాములు మామూలే. కిలోకి 5 మిల్లీగ్రాములున్న చేప 200 గ్రాములు తిన్నామంటే ఒక్క భోజనంతో 1000 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ కడుపులో పడింది. కౌడికసాలో అన్నింటికన్నా చెడ్డ బావి నీళ్లు లీటరు తాగినా అంత పడదు. అంకెని బట్టి చూస్తే భయపడాల్సింది చేపకూరని చూసి. అయితే చేపలోది దాదాపుగా ఆర్సెనోబీటైన్, బావిలోది పాషాణం జాతి.

కర్మాగారంలో పనిచేసేవాళ్లకి ఆర్సెనిక్ సోకిందేమోనని మూత్ర పరీక్ష చేయిస్తే చిక్కు వచ్చేది ఇక్కడే. మామూలు పరీక్ష మొత్తం ఆర్సెనిక్‌ని కొలుస్తుంది, ఏ రూపమో చెప్పదు. ఆదివారం రొయ్యల కూర తిని సోమవారం సీసా ఇచ్చిన మనిషి రిపోర్టు చూస్తే విషం తిన్నాడనిపిస్తుంది. అందుకే పరీక్షకి ముందు మూడు నాలుగు రోజులు సముద్రపు చేప, రొయ్య, పీత ముట్టవద్దంటారు. అది కుదరకపోతే క్రొమటోగ్రఫీ గొట్టంలోంచి పంపి ఒక్కొక్క రూపాన్ని విడివిడిగా కొలిచే ప్రయోగశాలకి నమూనా పంపాలి. అక్కడ గ్రాఫ్ కాగితం మీద ఆర్సెనోబీటైన్ ఒక శిఖరంగా, కాలేయం మిథైళ్లు తగిలించిన రూపాలు వేరే శిఖరాలుగా పడతాయి. మొదటిదాన్ని మొత్తంలోంచి తీసేసి, మిగిలిన వాటి కూడికనే వైద్యుడు లెక్కలోకి తీసుకుంటాడు.